ఇప్పుడే కోర్టుకు వెళ్లాలా మేడమ్?

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కోర్టులో నాది అవతలి పక్షం. మా శాఖ మీద ఉద్యోగి ఎవరైనా పిటిషన్ వేస్తే దాని కాపీ నా బల్ల మీదికి వచ్చేది. సర్వీసు రిజిస్టరు, నోట్ ఫైలు, పాత జీవోలు ముందేసుకుని పేరావారీ రిమార్కులు రాయడం, వాటిని ప్రభుత్వ న్యాయవాది కార్యాలయానికి మోసుకెళ్లడం, కౌంటరు (పిటిషన్‌కు ప్రభుత్వం ఇచ్చే జవాబు) తయారయ్యేదాకా అక్కడి బల్ల మీద కూర్చోవడం నా పని. ఆఫీసులో దాన్ని ‘కోర్టు సీటు’ అనేవారు. ఎవరూ కోరి తీసుకోని సీటు. సూపరింటెండెంటుగా రిటైరై ఏలూరులో ఇంటిపట్టున ఉంటున్నా ఆ సీటు నన్ను వదల్లేదు. అప్పట్లో ఎవరి పిటిషన్లకు కౌంటర్లు రాశానో వాళ్లే, వాళ్ల స్నేహితులే ఇప్పుడు ఫోను చేసి “ఇప్పుడు కోర్టుకు వెళ్తే నిలబడుతుందా మేడమ్?” అని అడుగుతున్నారు.

నేను లాయరును కాను. అయినా ఫోను చేసేవాళ్ల తీరు బాగా తెలిసింది. తమకు జరిగిన అన్యాయం గురించి అరగంట చెబుతారు, ఉత్తర్వు ఏ తేదీన అందిందంటే తడుముకుంటారు. పిటిషన్ చేతికి రాగానే నేను ముందు చూసినవి మాత్రం తేదీలే. ఉత్తర్వు ఎప్పుడు ఇచ్చారు, ఉద్యోగికి ఎప్పుడు అందింది, అప్పీలు వేశారా, వేయకుండానే వచ్చారా, వస్తే ఎన్నేళ్లకు వచ్చారు? అన్యాయం నిజమా కాదా అన్నది ఆ తరువాతి సంగతి. మరీ తొందరపడి వచ్చినవాళ్లను ‘ఇంకా నిర్ణయమే జరగలేదు’ అని, మరీ ఆలస్యంగా వచ్చినవాళ్లను ‘ఇన్నేళ్లు ఏం చేశారు’ అని అడ్డుకోవడం ప్రభుత్వం వైపు నుంచి చాలా తేలిక. ఆ రెండు మాటలూ నేను ఎన్నోసార్లు రాసినవే కాబట్టి వాటిని ఎలా తప్పించుకోవాలో కూడా చెప్పగలను.

ముందుగా ఏ కోర్టు అన్నది తేల్చుకోవాలి. తపాలా, రైల్వే, ఆదాయపు పన్ను వంటి కేంద్ర శాఖల వాళ్లు నేరుగా హైకోర్టుకు వెళ్లడానికి లేదు. 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం కింద కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఉంది, దాని హైదరాబాద్ ధర్మాసనానికి వెళ్లాలి. సైనికులకు సాయుధ దళాల ట్రిబ్యునల్ వేరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం ఇవాళ నేరుగా హైకోర్టుకే వెళ్తున్నారు. ఇక్కడ కాస్త చరిత్ర చెప్పక తప్పదు, ఎందుకంటే మా తరం వాళ్లు ఇప్పటికీ “ట్రిబ్యునల్‌కు వెళ్తాను” అంటూనే ఉంటారు.

తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తరువాత 1973లో 32వ సవరణతో రాజ్యాంగంలోకి 371-డి అధికరణం వచ్చింది. దాని కింద 1976 నుంచి ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్ నడిచింది. ఆ అధికరణంలో అయిదో క్లాజు ఒకటి ఉండేది. ట్రిబ్యునల్ తుది ఉత్తర్వు ఇచ్చాక దాన్ని రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, లేదా మూడు నెలలు గడవాలి, అప్పుడే అది అమల్లోకి వస్తుంది. ఈలోగా ప్రభుత్వం ఆ ఉత్తర్వును మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. కేసులో ప్రతివాది ఎవరు? ప్రభుత్వమే. ఓడిపోయినవాడి చేతికే తీర్పు కొట్టేసే అధికారం ఇచ్చారన్న మాట! సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఈ క్లాజు చెల్లదని కొట్టేసింది, 1987 నాటి తీర్పుల సంపుటాల్లో కనిపిస్తుంది. నేను కొత్తగా కోర్టు సీటుకు వచ్చినప్పుడు మా పెద్ద గుమాస్తాగారు ఈ కథంతా చెప్పి, “ఆ రోజుల్లో మన పని సుఖంగా ఉండేదమ్మా” అన్నారు. వేళాకోళమో నిజంగా బాధపడుతున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

1997లో చంద్రకుమార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో సంగతి తేల్చింది. ట్రిబ్యునల్ తీర్పే ఆఖరు కాదు, దాని మీద హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ముందుకు వెళ్లే హక్కును ఎవరూ తీసేయలేరు. అంతకు ముందు ట్రిబ్యునల్‌లో ఓడితే ఢిల్లీయే గతి. గుమాస్తా జీతం మీద ఢిల్లీ దాకా ఎవరు వెళ్లగలరు? రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2016లో ట్రిబ్యునల్ వద్దనుకుంది, ఆంధ్రప్రదేశ్‌కు 2020 ఆరంభంలో రద్దయింది. పెండింగు కేసులన్నీ కట్టలు కట్టలుగా హైకోర్టులకు చేరాయి. ఇప్పుడు రాష్ట్ర ఉద్యోగి 226 అధికరణం కింద రిట్ పిటిషన్ (ప్రభుత్వ చర్యను నేరుగా హైకోర్టులో ప్రశ్నించే పిటిషన్) వేస్తే ముందు ఒకే న్యాయమూర్తి వింటారు, అక్కడ ఓడితే ఇద్దరి బెంచి ముందు రిట్ అప్పీలు. ట్రిబ్యునల్ పోవడం మంచిదేనని చాలామంది అన్నారు. నాకు మాత్రం అది ఉంటేనే బాగుండేదనిపిస్తుంది. అక్కడ సర్వీసు కేసులు తప్ప వేరే ఏమీ వినేవారు కాదు, నియమాల సంఖ్య చెబితే చాలు అందరికీ అర్థమయ్యేది. హైకోర్టులో అదే కేసు భూమి తగాదాలు, టెండర్లు, లైసెన్సుల పక్కన వరసలో నిలబడాలి.

ఆర్టీసీ వాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అంతకు ముందు కార్పొరేషన్ కార్మికులుగా లేబర్ కోర్టుకు వెళ్లే అలవాటు ఉన్నవాళ్లు. తమ వివాదం ఏ తేదీ నాటిదో చూసి లాయరును అడగండి, నేను ఊహించి చెప్పను.

ఏ కోర్టో తేలాక అందరికీ కష్టంగా తోచేది, ముందు శాఖలోనే అడగాలన్న నిబంధన. 1985 చట్టంలోని 20వ సెక్షను ప్రకారం నియమాల్లో ఉన్న అప్పీలు మార్గాలు వాడుకున్నాకే ట్రిబ్యునల్ సాధారణంగా కేసు తీసుకుంటుంది. అప్పీలు వేసి ఆరు నెలలైనా జవాబు రాకపోతే వాడుకున్నట్టే లెక్క. హైకోర్టుకు ఇలాంటి చట్టపు కట్టుబాటు లేకపోయినా, వేరే దారి ఉన్నప్పుడు అటు పొమ్మనడం తనకు తాను పెట్టుకున్న నియమం. శిక్ష విధిస్తే అప్పీలు చేసుకునే వీలు ఆంధ్రప్రదేశ్ సీసీఏ నియమాలు (ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీళ్ల నియమాలు), 1991లోనే ఉంది, కేంద్ర ఉద్యోగులకు అప్పీలు గడువు 45 రోజులు. “ఆ అధికారే కదా శిక్ష వేయించింది, ఆయన పైవాడికి అప్పీలు పెడితే ఏం లాభం?” అంటారు. లాభం ఉండకపోవచ్చు. కానీ అప్పీలు వేయలేదన్న ఒక్క వాక్యంతో నేను కౌంటరు ముగించిన రోజులున్నాయి.

దీనికి మినహాయింపులు ఉన్నాయి, 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు వాటిని వరసగా చెప్పింది. ప్రాథమిక హక్కు దెబ్బతిన్నప్పుడు, సంజాయిషీ అడగకుండానే చర్య తీసుకున్నప్పుడు, ఉత్తర్వు ఇచ్చినవారికి ఆ అధికారమే లేనప్పుడు, చట్టమే చెల్లదని వాదిస్తున్నప్పుడు అప్పీలు వేయకుండానే రావచ్చు. మా జిల్లాలో ఒక జూనియర్ అసిస్టెంటుకు విచారణ అంటూ ఏమీ జరపకుండా, మెమో ఇచ్చి వివరణ తీసుకుని రెండు ఇంక్రిమెంట్లు శాశ్వత ప్రభావంతో నిలిపేశారు. శాశ్వత ప్రభావం అంటే ఆ రెండు మెట్లూ ఇక సర్వీసంతా, పింఛనులో కూడా, తిరిగి రావు. అది పెద్ద శిక్షేనని, విచారణ జరపకుండా వేయడానికి వీల్లేదని 1990లోనే కుల్వంత్ సింగ్ గిల్ కేసులో తేలిపోయింది. ఆయన నేరుగా వెళ్లి గెలిచారు. ఆ కౌంటరు రాస్తున్నప్పుడే ఓడిపోతామని నాకు తెలుసు. రాయను అనే వీలు ఆ సీటులో లేదు.

ఇక తొందరపడేవాళ్ల సంగతి. చార్జి మెమో అందిన మర్నాడే లాయరు దగ్గరికి పరుగెత్తేవాళ్లు చాలామంది. పరువు పోయిందన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ చార్జి మెమో శిక్ష కాదు, ఆరోపణ మాత్రమే. విచారణలో నిర్దోషిగా తేలే అవకాశం ఉంది కాబట్టి ఆ దశలో కోర్టు సాధారణంగా జోక్యం చేసుకోదని 2006 నాటి కునిశెట్టి సత్యనారాయణ తీర్పు చెబుతుంది. షోకాజు నోటీసుకూ అదే వర్తిస్తుంది. మినహాయింపులు మళ్లీ ఉన్నాయి. చార్జి మెమోను క్రమశిక్షణాధికారి ఆమోదించకుండానే ఇచ్చేస్తే అది చెల్లదని 2013లో గోపీనాథ్ కేసులో అన్నారు. ఏళ్ల తరబడి నానబెట్టి, ఆలస్యానికి కారణం చెప్పలేకపోతే చార్జీలు కొట్టేయవచ్చని 1998లో రాధాకిషన్ కేసులో అన్నారు, అది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. రిటైరైనవాళ్లయితే 1980 నాటి పింఛను నియమాల్లోని 9వ నియమం చూసుకోండి. కొత్తగా విచారణ మొదలుపెట్టేనాటికి నాలుగేళ్లకు మించి పాతబడిన సంఘటన మీద అది కుదరదు.

చార్జి మెమో మీద స్టే తెచ్చుకోవడం గెలుపు అనుకుంటారు. ఇది నేను ఫోనులో గట్టిగా కాదంటాను. స్టే ఉన్నన్నాళ్లూ విచారణ ఆగుతుంది, కానీ చార్జి మాత్రం పెండింగులోనే ఉంటుంది. పదోన్నతి ప్యానెల్ తయారయ్యే ప్రతిసారీ ‘క్రమశిక్షణ చర్య పెండింగు’ అని మీ పేరు ఎదురుగా పడుతుంది, మీ తరువాతివాళ్లు ముందుకు పోతారు. రిటైరయ్యేనాటికీ తేలకపోతే తాత్కాలిక పింఛను, గ్రాట్యుటీ చిక్కులు. ఒక హాస్టల్ వార్డెనుగారికి ఇలాగే జరిగింది. విచారణ జరిగి ఉంటే మహా అయితే మందలింపుతో పోయేది. స్టే మూలంగా రెండు పదోన్నతులు పోయాయి. అంతకంటే విచారణ త్వరగా ముగించమని కోర్టును అడగడం మేలు. శాఖాపరమైన విచారణ ఆరు నెలల్లో, ఎంత తప్పనిసరైనా ఏడాదిలోపు ముగించాలని 2015లో ప్రేమ్‌నాథ్ బాలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సస్పెన్షను విషయంలో అదే ఏడాది అజయ్ కుమార్ చౌధరి తీర్పు వచ్చింది. మూడు నెలల్లో చార్జి మెమో ఇవ్వకపోతే సస్పెన్షను సాగదీయకూడదు, ఇస్తే పొడిగింపుకు కారణాలు రాయాలి. మూడు నెలలు దాటిన మర్నాడు వెళ్లండి, ఫర్వాలేదు.

బదిలీల కాలం వచ్చిందంటే నా ఫోనుకు విశ్రాంతి ఉండదు. బదిలీ మీద కోర్టుకు వెళ్లడం హక్కే, గెలవడమే అరుదు. తప్పనిసరి నియమాన్ని ఉల్లంఘిస్తేనో, దురుద్దేశం రుజువైతేనో తప్ప జోక్యం చేసుకోబోమని 1990లో శిల్పి బోస్ కేసులో చెప్పిన మాటనే కోర్టులు ఇప్పటికీ చెబుతున్నాయి. ఉద్యోగులైన భార్యాభర్తలను ఒకేచోట ఉంచడం, పిల్లల చదువు, అమ్మానాన్నల అనారోగ్యం అనేవి మార్గదర్శకాల్లో ఉన్నా, వాటిని మార్గదర్శకాలుగానే చూస్తారు. దురుద్దేశం అని రాసేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. ఆ అధికారిని హోదాతో కాక పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. పేరు పెట్టడానికి భయపడి ‘కొందరి ఒత్తిడి వల్ల’ అని రాస్తే ఆ పేరా చదవడానికి కూడా ఎవరూ ఆగరు.

కేసు వేశాం కదా అని కొత్తచోట చేరకుండా మెడికల్ లీవు పెట్టి ఇంట్లో కూర్చునేవాళ్లున్నారు. వినతిపత్రం పెండింగులో ఉందన్నంత మాత్రాన చేరకుండా ఉండే హక్కు రాదని 1989లోనే గుజరాత్ విద్యుత్ బోర్డు కేసులో తేలింది. ముందు చేరండి, తరువాత పోరాడండి. లేకపోతే బదిలీ కేసు పక్కన గైర్హాజరు చార్జి ఇంకోటి తయారవుతుంది. అది మొదటిదానికంటే గట్టిది.

ఇంతవరకూ తొందరపాటు. నేను ఎక్కువ చూసింది, ఎక్కువ బాధపడిందీ ఆలస్యాన్నే.

మన ఉద్యోగులకు వినతిపత్రం మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. ఒకటి ఇస్తారు. జవాబు రాదు. ఆర్నెల్లకు ఇంకోటి. అధికారి మారతారు, కొత్తాయనకు మళ్లీ ఒకటి. మంత్రిగారి పర్యటనలో ఒకటి. ప్రతిదాని మీదా ఇన్వర్డు ముద్ర (కాగితం ఆఫీసుకు అందినట్టు వేసేది) వేయించుకుని జాగ్రత్తగా ఫైలు చేసుకుంటారు. అలా పదేళ్లు పోయాక ఆ కట్ట తెచ్చి “నేను ఊరుకోలేదు మేడమ్, అడుగుతూనే ఉన్నాను” అంటారు. 1989లో ఎస్.ఎస్. రాథోడ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు ఈ కట్టల గురించే చెప్పారు. నియమాల్లో ఉన్న అప్పీలు మీద ఉత్తర్వు వచ్చిన నాటి నుంచో, జవాబు రాకుండా ఆరు నెలలు గడిచిన నాటి నుంచో కాలం లెక్క మొదలవుతుంది. ఆ పైన ఎన్ని వినతులు పెట్టినా కాలం ఆగదు. ట్రిబ్యునల్‌కు 21వ సెక్షను ప్రకారం తుది ఉత్తర్వు నుంచి ఏడాది, జవాబే రాకపోతే ఆ ఆరు నెలల పైన ఏడాది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలు ఉంది. హైకోర్టు రిట్‌కు రోజుల లెక్క రాసిలేదు, అయినా 1974లో సదాశివస్వామి కేసులో పదోన్నతి మీద అభ్యంతరం ఉంటే ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో రావాలన్నారు. ఆ వాక్యాన్ని నేను ఎన్ని కౌంటర్లలో ఎత్తిరాశానో!

లాయర్లు కనిపెట్టిన ఉపాయం ఒకటి ఉంది. పాత వివాదం మీద నేరుగా రాకుండా, ‘నా వినతిపత్రాన్ని పరిశీలించమని ఆదేశించండి’ అని మాత్రం అడుగుతారు. అపకారం లేని కోరికే కదా అని కోర్టు సరేనంటుంది. శాఖ తిరస్కరిస్తుంది. ఆ తిరస్కరణ తేదీ పట్టుకుని కొత్త కేసు! 2008లో సి. జేకబ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారి మూసేసింది. 1982లో ఉద్యోగం పోయిన మనిషి 2000లో వినతి పెట్టిన కేసు అది. చచ్చిన హక్కును పరిశీలన ఉత్తర్వుతో బతికించలేరని తేల్చారు.

అయితే ఆలస్యమంతా ఒక్కటి కాదు. ఇక్కడ చాలామంది అనవసరంగా ఆశ వదులుకుంటారు. జీతం తప్పుగా స్థిరీకరించారనుకోండి, ఆ తప్పు ప్రతి నెలా మొదటి తేదీన మళ్లీ జరుగుతుంది. దాన్ని కొనసాగుతున్న తప్పు అంటారు, 1995లో ఎం.ఆర్. గుప్తా కేసులో ఈ మాట స్పష్టంగా చెప్పారు. ఎన్నేళ్లయినా వెళ్లవచ్చు, బకాయిలకు మాత్రం హద్దు ఉంటుంది. 2008 నాటి తర్సేమ్ సింగ్ కేసులో 16 ఏళ్ల తరువాత వచ్చిన మాజీ సైనికుడికి వైకల్య పింఛను విషయంలో బకాయిలు మూడేళ్లకే పరిమితం చేశారు. అదే తీర్పులో ఇంకో గీత కూడా గీశారు. మీకు ఇస్తే ఇతరుల స్థానం కదలాల్సి వస్తే, అంటే సీనియారిటీ, పదోన్నతి వంటివైతే, ఆలస్యాన్ని సహించరు. పన్నెండేళ్ల ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలు (పదోన్నతి రాకపోయినా సర్వీసును బట్టి ఇచ్చే పై స్కేలు) ఇవ్వలేదని ఆలస్యంగా వచ్చినవాళ్లు గెలవడం చూశాను. సీనియారిటీ జాబితా మీద ఆలస్యంగా వచ్చి గెలిచినవాళ్లు నాకు గుర్తు లేరు.

సీనియారిటీలో రెండో గొయ్యి కూడా ఉంది. మీకంటే పైన ఉన్నవాళ్లను కిందికి దించమంటున్నప్పుడు వాళ్లను ప్రతివాదులుగా చేర్చాలి, అందరినీ కాకపోయినా కొందరినైనా ప్రతినిధులుగా. రోజూ ఎదురుగా కూర్చునే మనిషికి నోటీసు ఎలా పంపిస్తామని మొహమాటపడి ప్రభుత్వాన్ని మాత్రమే పెడతారు. ఆ మొహమాటమే కేసును ముంచుతుంది.

“మా బ్యాచిలో ఒకాయన గెలిచాడు, అదే మాకూ ఇమ్మని అడగవచ్చా?” అని ఇంకొందరు. అడగవచ్చు, ఒకేలాంటివాళ్లను ఒకేలా చూడాలన్నది మామూలు సూత్రం. కానీ ఇతరులు పోరాడుతుంటే గట్టు మీద కూర్చుని, గెలిచాక దిగినవాళ్లకు అది వర్తించకపోవచ్చని 2014లో అరవింద్ కుమార్ శ్రీవాస్తవ కేసులో అన్నారు. తీర్పు అందరికీ వర్తించే విధానం మీద వచ్చిందా, ఆ ఒక్కరి మీదే వచ్చిందా అన్నది చూస్తారు. యూనియన్ నాయకులు ‘ప్రజాప్రయోజన వ్యాజ్యం వేద్దాం’ అంటుంటారు. సర్వీసు వివాదాల్లో అది కుదరదని 1998లో దుర్యోధన్ సాహు కేసులో తేలిపోయింది. దెబ్బ తగిలినవాళ్లే రావాలి.

రిటైర్మెంటు దగ్గరికి వచ్చాక పుట్టిన తేదీ సరిదిద్దమని వచ్చేవాళ్లకు నేను ముందే చెప్పేస్తాను, లాయరు ఫీజు దాచుకోండి అని. మన దగ్గర 1984 నుంచి దీనికి ప్రత్యేక నియమాలే ఉన్నాయి, కోర్టులు కూడా ఈ చివరి నిమిషపు కోరికలను ఒప్పుకోవు. దానికి బదులు రికవరీ కేసుల్లో ధైర్యంగా వెళ్లమంటాను. ఆడిట్ అభ్యంతరం చెప్పిందని, ఎప్పుడో ఎక్కువ చెల్లించామని, రిటైరయ్యే ముందు లక్షల్లో కోత పెడతారు. మీరు మోసం చేయకుండా, శాఖే పొరబడి చెల్లించినప్పుడు కొందరి నుంచి తిరిగి రాబట్టకూడదని 2014 డిసెంబరులో రఫీక్ మసీహ్ కేసులో చెప్పారు. కింది తరగతి ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, ఏడాదిలో రిటైరయ్యేవాళ్లు, అయిదేళ్లకు మించి ఎక్కువ చెల్లింపు సాగిన కేసులు అందులో ఉన్నాయి. కోత మొదలయ్యాక కాదు, నోటీసు అందగానే జవాబులో ఈ తీర్పు పేరు రాయండి. కొన్ని ఆఫీసులు అక్కడితోనే ఆగిపోతాయి.

శిక్ష పడ్డాక వచ్చేవాళ్లకు ఒక అపోహ ఉంటుంది. సాక్షులను మళ్లీ పిలిచి, నిజం ఎవరిదో హైకోర్టు తేలుస్తుందని. అది జరగదు. 1963లో శ్రీరామారావు కేసు, 1975లో చిత్రా వెంకటరావు కేసు, రెండూ మన రాష్ట్ర ప్రభుత్వం వెళ్లినవే. హైకోర్టు శాఖా విచారణ మీద అప్పీలు కోర్టు కాదని వాటిలో చెప్పారు. కాస్తయినా సాక్ష్యం ఉందా, పద్ధతి పాటించారా, శిక్ష మరీ దారుణంగా ఉందా అని మాత్రమే చూస్తారు. కాబట్టి విచారణాధికారి ముందు నోరు మూసుకుని కూర్చుని, అంతా హైకోర్టులో చెప్పుకుంటాననుకోవడం ప్రమాదం. పత్రాలు అడిగితే ఇవ్వలేదా? అడిగినట్టు రాతలో ఉండాలి. విచారణ నివేదిక కాపీ ఇవ్వకుండా శిక్ష వేయకూడదన్న సూత్రం హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో స్థిరపడింది. అయితే కాపీ ఇవ్వనంత మాత్రాన శిక్ష దానంతటదే పోదని, ఇవ్వకపోవడం వల్ల నష్టం జరిగిందా అని చూడాలని కూడా అదే తీర్పులో ఉంది. మొదటి సగం అందరికీ తెలుసు, రెండో సగం కౌంటరు రాసేవాళ్లకే తెలుసు.

మా పక్షాన్ని బాగా ఇబ్బంది పెట్టిన సూత్రం ఒకటి చెప్పాలి. 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసింది. ఉత్తర్వులో ఏ కారణాలు రాశారో వాటితోనే అది నిలబడాలి, తరువాత అఫిడవిట్లో కొత్త కారణాలు చేర్చడానికి వీల్లేదు, పాతబడేకొద్దీ రుచి పెరగడానికి ఉత్తర్వులు ద్రాక్షసారా కావు అన్నారాయన. మా అధికారులు ‘పరిశీలించడమైనది, తిరస్కరించడమైనది’ అని రెండు ముక్కల్లో ఉత్తర్వు ఇచ్చి, కేసు పడ్డాక “కారణాలు బాగా రాయండమ్మా” అని నాకు చెప్పేవారు. నేను పది పేజీలు రాసేదాన్ని. అవతలి లాయరు లేచి ఈ ఒక్క తీర్పు చదివి కూర్చునేవారు. మీ చేతికి వచ్చిన తిరస్కరణలో కారణమే లేకపోతే సంతోషించండి, మీకు అదే ఆయుధం.

గెలిచాక కూడా పని మిగిలే ఉంటుంది. తీర్పు వచ్చిన సంగతి శాఖకు తెలిసిపోతుందనుకుంటారు. కోర్టు నుంచి కాపీ వస్తుంది, ఏదో సెక్షనులో ఆగుతుంది. సర్టిఫైడ్ కాపీ మీరే తెచ్చి, ముఖలేఖతో (కవరింగ్ లెటర్‌తో) ఇన్వర్డులో ఇచ్చి, ముద్ర వేయించుకోండి. అమలుకు తీర్పులో గడువు ఉంటే ఆ తేదీ ముఖలేఖలోనే రాయండి. అమలు చేయకపోతే కోర్టు ధిక్కార పిటిషన్‌కు 1971 చట్టం ఇచ్చేది ఏడాది మాత్రమే. ‘ఈ నెలలో చేస్తాం, వచ్చే నెలలో చేస్తాం’ అని ఆ ఏడాదిని దాటించడం ఆఫీసులకు తెలిసిన విద్యే. ఇంకొకటి: తీర్పు ‘పరిశీలించి నిర్ణయించండి’ అని ఉంటే, శాఖ పరిశీలించి మళ్లీ తిరస్కరిస్తే అది ధిక్కారం కాదు. ఆ నిర్ణయం తప్పయినా సరే, దాని మీద కొత్త పిటిషనే వేసుకోవాలని 1996లో పరిహార్ కేసులో చెప్పారు. అందుకే పిటిషన్ తయారవుతున్నప్పుడే లాయరు పక్కన కూర్చుని చివరి పేజీలోని కోరిక చదవండి. ‘పరిశీలించమని’ అని ఉంటే, ‘ఇవ్వమని’ అని ఎందుకు అడగడం లేదో ఆయన్ను అడగండి.